ఆకలి మరపెరుగదు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనలో సామెత. ఇందులో ఎంత సత్యమున్నను, ఆకలిని గూర్చి ఇది సగము మాటయే. ఆకలి రుచి నెరుగకపోవచ్చును; కాని మరపును కూడ ఎరుగదు. కడుపు నిండిన తరువాత, కరువు తీరిన తరువాత, ఏండ్లు గడచిన తరువాత సైతము అది మనస్సులో ఒక మూల నిలిచి, మనిషి తిండిని, నిద్రను, నడవడిని శాసించుచుండును. ఈ సంగతిని వైద్యులును, మనస్తత్వ శాస్త్రజ్ఞులును గడచిన నూరేండ్లలో క్రమక్రమముగా తెలిసికొనిరి. ఆ చరిత్రలో ఒక ప్రకరణము మన హైదరాబాదులోనే వ్రాయబడినది. ఖమ్మము, భద్రాచలముల నడుమ అడవి అంచున నివసించువారికి ఆ చరిత్ర ఎంతమాత్రము పరాయిది కాదు.

అన్నమునకును మనస్సునకును గల సంబంధమును మన పూర్వులు ఎరుగనివారు కారు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు భోజనము మానుమని, నీరు మాత్రము కోరినంత త్రాగుమని ఆజ్ఞాపించును. గడువు ముగిసిన పిదప వేదము చెప్పుమనగా, పండ్రెండేండ్లు గురుకులమున చదివి వచ్చిన ఆ యువకునికి ఏమియు తోచదు. పోయి భోజనము చేసి రమ్మని తండ్రి పంపును. తిని వచ్చిన తరువాత అడిగినదెల్ల చెప్పగలుగును. మనస్సు అన్నమును ఆధారము చేసికొని నిలుచుచున్నదని తండ్రి ఈ విధముగా బోధించును. కాని ఆ ఉపవాసము చదువు కొరకు పెట్టుకొన్నది, గడువు గలది, గడువు ముగియగానే తినుటకు అన్నమున్నది. గడువు తెలియని ఆకలి, ఇతరులు విధించిన ఆకలి, భయముతో కలిసిన ఆకలి వేరు. అట్టి ఆకలి సంగతి తెలియవలెనన్న మన అడవి అంచునుండియే ఆరంభింపవచ్చును.

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు త్రోవలో ఊళ్లు పలుచబడి అడవి దగ్గరగును. భద్రాచలమునకు దిగువన కూనవరము వద్ద శబరి గోదావరిలో కలియును. అచ్చటినుండి నది పాపికొండల నడుమకు దారి తీయును. ఇది కోయల సీమ, కొండరెడ్ల సీమ. ఇచ్చటి పాలన సరిహద్దులు మాటిమాటికి మారినవి. పాల్వంచ తాలూకా నిజాము రాజ్యములోను, గోదావరి కావలనున్న భద్రాచలము మద్రాసు రాష్ట్రములోను ఉండెను. 1953లో వరంగల్లు జిల్లా నుండి ఖమ్మము జిల్లా ఏర్పడెను. 1959లో భద్రాచలము ప్రాంతము తూర్పు గోదావరి నుండి ఖమ్మమునకు వచ్చెను. 2014లో రాష్ట్ర విభజన సందర్భమున కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము మున్నగు మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయి, భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడెను.

సరిహద్దు ఎటు జరిగినను, అడవిలో ఆకలి కాలము మాత్రము చిరకాలము ఒక్క తీరుననే వచ్చుచుండెను. తొలకరి తరువాత, పంట చేతికి రాకముందు, ఇండ్లలో గింజలు అడుగంటును. పోడు చేలలో పండిన జొన్నలు, సామలు అప్పటికి అయిపోవును. వేసవిలో ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వు, వానలలో త్రవ్వి తెచ్చిన అడవి గడ్డలు, వెదురు కొమ్ములు, ఆకుకూరలు ఆ దినములను గడిపించును. మామిడి టెంకలలోని జీడిని ఎండబెట్టి, దంచి, వగరు పోవునట్లు నీటిలో నాననిచ్చి అంబలి కాచుకొందురు. జీలుగు చెట్టు కల్లు నిచ్చును. గింజ దొరకని దినములలో ఆ చెట్టు మానులోని పిండియు ఆహారమగును. ఏ గడ్డను ఎంతసేపు ఉడికించవలెనో, దేని విషమును ఎట్లు విరువవలెనో తెలిసిన విద్య ఇది. ఆకలిని ఎదుర్కొనుటకు ఒక జాతి తరతరములుగా కూర్చుకొన్న జ్ఞాపకమే ఈ విద్య.

ఈ జీవనమును మొదట శ్రద్ధగా గ్రంథస్థము చేసినవారిలో క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఒకరు. 1909లో వియన్నాలో జన్మించిన ఈ మానవశాస్త్రజ్ఞుడు 1939లో రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమగునప్పటికి భారతదేశమున ఉండెను. శత్రుదేశపు పౌరుడుగా ఎంచబడినందున స్వేచ్ఛగా తిరుగు వీలు లేక, నిజాము రాజ్యములో ఉండుటకు అనుమతి పొందెను. ఆ నిర్బంధమే మనకు మేలైనది. మొదట చెంచులను, తరువాత 1941లో గోదావరి కొండలలోని రెడ్లను ఆయన దగ్గరుండి పరిశీలించెను. కొండరెడ్లపై ఆయన గ్రంథము 1945లో వెలువడెను. అడవి వారి చేతిలోనున్నంత కాలము ఆకలి ఒక ఋతువు మాత్రమే. అడవి పరుల అధీనమైనప్పుడు, అప్పు ఇచ్చిన వర్తకుడు పంటను ముందే వ్రాయించుకొన్నప్పుడు అది నిత్యమగును. ఆయన రచనలు ఈ మార్పును సానుభూతితో చిత్రించినవి.

ఇట్టి మార్పు మనుష్యులను ఎంత కలచివేయునో అంతకు అరువదేండ్లకు ముందే ఈ సీమ చూపియుండెను. 1879లో రంప తిరుగుబాటు చెలరేగుటకు ముఖ్యకారణములలో ఒకటి కల్లు మీద పన్ను. ఇంటి వాడుకకు గీసుకొను కల్లుకు సైతము గుత్తేదారులు సొమ్ము లాగసాగిరి. పట్టణవాసికి కల్లు మత్తు పదార్థము. కొండవానికి కొన్ని మాసములలో అది ఆహారము. ఆ తిరుగుబాటు అదే సంవత్సరమున భద్రాచలము తాలూకాలోని రేకపల్లి సీమకు ప్రాకెను. అచ్చట పోడు మీద శిస్తు పెంచుటయు, అడవిలో కొన్ని తావులను నిషేధించుటయు జనులను రెచ్చగొట్టినవి. ప్రభుత్వము వారు దీనిని శాంతిభద్రతల సమస్యగా లెక్క కట్టుకొనిరి. నేటి దృష్టితో చూచినచో, కంచములోనిది పోవునన్న భయము పూర్వపు ఆకలి జ్ఞాపకముతో కలిసి మనిషిని ఏమి చేయునో ఆ చరిత్ర చెప్పుచున్నది.

తిండి లోపము మనస్సును నేరుగా గాయపరచునని వైద్యశాస్త్రము నిరూపించిన సందర్భము పెల్లాగ్రా వ్యాధి. ఎండ తగులు తావులందు, అనగా మెడ చుట్టును, ముంజేతుల మీదను చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతి చలించుట దీని లక్షణములు. మొక్కజొన్నయే ప్రధానముగా తినువారికి వచ్చు జబ్బుగా దీనిని ఐరోపా, అమెరికాలలో ఎరిగియుండిరి. అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు ఇది అంటువ్యాధి కాదని, ఆహార లోపమని చాటెను. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్, నికోటినిక్ ఆమ్లము కుక్కలలోని ఇటువంటి జబ్బును కుదుర్చునని కనుగొనెను. ఇక మన దక్కను పీఠభూమిలో మొక్కజొన్న కాక జొన్నయే ప్రధానాహారముగా గల పేదలలో ఈ జబ్బు కనిపించుచుండెను. కూనూరులో పుట్టి పెరిగిన పోషకాహార పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి వచ్చెను. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు వచ్చెను. ఆ సంస్థకు చెందిన కొలత్తూరు గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియాలు 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. జొన్నలోని మాంసకృత్తులలో లూసిన్ అను ఆమ్లము అధికముగా నుండుట ఈ జబ్బునకు కారణము కావచ్చునని వారు సూచించిరి. అనేక విధముల తిండి తినువానికి జొన్న మేలైన ధాన్యమే. పప్పు, కూర, పాలు లేక ఒక్క జొన్నతోనే ఏడాది గడుపవలసి వచ్చిన పేదకే ముప్పు.

ఆ సంస్థలోని పరిశోధకులు అంతటితో ఆగలేదు. పెల్లాగ్రా రోగులలో దిగులు, నిద్ర పట్టకుండుట, చిరాకు, మతిమరపు తరచుగా కనిపించుచుండగా, 1968లో శ్రీకాంతియా, కమలా కృష్ణస్వామి మున్నగువారు వారి మెదడులోని విద్యుత్ తరంగములను కొలిచి, అందు కలిగిన మార్పులను ప్రకటించిరి. విటమిను అందినప్పుడు దిగులుతో ముడుచుకొని పడియున్న రోగి కొద్ది దినములలోనే తేరుకొనును. ఇది చిన్న విషయము కాదు. కూలి దొరకని ఇంటిలో మూలన కూర్చున్నవానిని సోమరి యనియు, గాలి సోకినదనియు అనుట మనకు అలవాటు. అట్టివారిలో కొందరికైనను కావలసినది మందలింపు కాదు, మంత్రము కాదు, సరియైన ఆహారమని మన నేలమీదనే తేలినది.

ఐతే ఒక విటమిను లోపించుట వేరు, మొత్తము మీద తిండియే తగ్గుట వేరు. ఈ రెండవదానిని అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయమున ఆన్‌సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించెను. 1944 నవంబరులో ఆరంభమైన ఆ ప్రయోగమున 36 మంది యువకులు స్వచ్ఛందముగా పాల్గొనిరి. వారు అహింసావాదము చేత యుద్ధమున ఆయుధము పట్టనొల్లనివారు. యుద్ధపీడితులైన దేశములలో ఆకలిగొన్నవారికి తమ వలన మేలు కలుగునని ఆశించినవారు. మొదట వారికి తగిన ఆహారము పెట్టిరి. పిమ్మట 24 వారములు ఆహారమును సగమునకు దగ్గరగా తగ్గించిరి: బంగాళాదుంపలు, ముల్లంగి జాతి దుంపలు, రొట్టె. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గెను.

శరీరము చిక్కుటను అందరును ఊహించిరి. మనస్సు మారిన తీరు పరిశోధకులను ఆశ్చర్యపరచెను. చదువు, స్నేహము, రాజకీయ చర్చ అన్నిటి మీదను ఆసక్తి పోయి, తిండి ఒక్కటే వారి ఆలోచనలను ఆక్రమించెను. వంటల పుస్తకములు సేకరించిరి; గిన్నెలు నాకిరి; కొద్దిపాటి అన్నమును గంటల తరబడి కలుపుచు, దాచుచు, కొంచెము కొంచెముగా తినిరి. కొందరు దొంగచాటుగా తిని, పిమ్మట తమను తాము నిందించుకొనిరి. ఒకడు గొడ్డలితో తన వ్రేళ్లనే నరుకుకొనెను. తిరిగి తగినంత ఆహారము ఇచ్చిన తరువాతను పెక్కుమందికి కడుపు నిండిన తృప్తి చాలకాలము కలుగలేదు. మితము లేక తినిరి. ఆరోగ్యవంతులని ఏరి తెచ్చిన యువకులే వీరు. ఈ ప్రయోగ వృత్తాంతము 1950లో రెండు సంపుటములుగా వెలువడెను. తిండి మానెడి జబ్బుగలవారిలో కనిపించు వింత నడవడి చాలవరకు పస్తుల ఫలితమేనని, అది వారి స్వభావ దోషము కాదని వైద్యులు దీని వలన గ్రహించిరి.

మినెసోటా యువకులకు ఆకలి ఉండెను గాని ప్రాణభయము లేకుండెను. ఆ రెండును కలిసినచో ఏమగునను ప్రశ్నను కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు జానెట్ పోలివీ చేపట్టెను. ఆహారమును బలవంతముగా అదుపు చేసికొనువారే తరువాత అదుపు తప్పి తినుదురని ఆమెయు, పీటర్ హెర్మన్ అను సహచరుడును 1970ల నుండి పరిశోధించుచుండిరి. 1994లో ఆమె తన సహచరులతో కలిసి రెండవ ప్రపంచ యుద్ధమున పాల్గొన్న వృద్ధ సైనికులను గూర్చి ఒక అధ్యయనము ప్రకటించెను. శత్రువులకు చిక్కి ఖైదు శిబిరములలో పస్తులున్నవారిని, యుద్ధము చేసియు ఖైదు కానివారిని పోల్చి చూడగా, యుద్ధము ముగిసి దాదాపు అర్ధశతాబ్దము గడచినను, అదుపు తప్పి తినుట పూర్వపు ఖైదీలలోనే ఎక్కువగా కనిపించెను. వీరు సన్నబడవలెనని అద్దము ముందు నిలుచువారు కారు, ముసలి సైనికులు. ఇంట అన్నమునకు కొరత లేదు. ఐనను వారి తిండిలో ఆ శిబిరపు రోజుల ఛాయ మిగిలియుండెను.

మరి ఆకలి లేక, గాయము మాత్రమే కలిగినచో? 1997లో అమెరికాలో బోనీ డాన్స్‌కీ, టిమతీ బ్రూవర్టన్, డీన్ కిల్‌పాట్రిక్ మున్నగువారు సుమారు 3,000 మంది స్త్రీలను విచారించిన అధ్యయనమును ప్రకటించిరి. ముందు మితము లేక తిని, పిదప వాంతి మొదలగు ఉపాయములతో దానిని బయటికి పంపివేయు జబ్బునకు బులీమియా అని పేరు. లండనులోని జెరాల్డ్ రస్సెల్ 1979లో దీనిని వర్ణించెను. ఈ జబ్బుగల స్త్రీలలో అత్యాచారమునకు గురియైనవారి పాలు, ఈ జబ్బు లేనివారిలోకంటె చాల ఎక్కువ. పూర్వపు భయానక ఘటన కలలలోను మెలకువలోను వెంటాడు మనోవ్యాధి కూడ వీరిలో మూడింట ఒక వంతుకు పైగా మందికి ఏదో ఒకప్పుడు కలిగియుండెను. గాయపడిన మనస్సు తన దుఃఖమును చెప్పుకొనుటకు మాట దొరకనప్పుడు తిండిని పట్టుకొనును. కొందరు తినుట మానుదురు. కొందరు మితము తప్పుదురు. గాయపడిన ప్రతివారికి ఈ జబ్బు వచ్చునని గాని, ఈ జబ్బుగల ప్రతివారును గాయపడినవారని గాని దీని అర్థము కాదు. అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నదని మాత్రమే అర్థము.

ఇది పడమటి దేశముల గొడవ, మన యిండ్లలో లేదని కొందరి తలంపు. 1873లో లండనులో విలియం గల్, పారిసులో షార్ల్ లసేగ్ తిండి మానెడి జబ్బును వర్ణించిన నాటినుండి, అది సంపన్న గృహముల ఆడపిల్లల జబ్బుగా పేరుపడినది. 1995లో ఢిల్లీ వైద్యులైన ఖండేల్‌వాల్, శరణ్, సక్సేనాలు ఐదుగురు భారతీయ యువతులను గూర్చి వ్రాసిరి. ఆ యువతులు తిండి మానిరి, చిక్కి శల్యమైరి. కాని లావగుదుమను భయము, పడమటి గ్రంథములలో జబ్బుకు ముఖ్య చిహ్నముగా చెప్పబడినది, వారిలో లేకుండెను. మన ఆడపిల్ల కడుపులో బాగుండలేదనును, ముద్ద దిగదనును, వ్రతమనును. గ్రంథములోని లక్షణము కనబడలేదు గనుక జబ్బే లేదని పంపివేసినచో ఆమె ప్రాణమే పోవచ్చును.

ఇప్పుడు తిరిగి మన అడవి అంచునకు వత్తము. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతమున సల్వాజుడుం ఆరంభమైన పిదప, దానికిని మావోయిస్టులకును నడుమ జరిగిన హింసలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యెను. వేలకొలది ఆదివాసులు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మము జిల్లా అడవులలోనికి వచ్చి పాకలు వేసికొనిరి. వారిని మనవారు గుత్తికోయలని పిలుతురు. 2011లో సర్వోన్నత న్యాయస్థానము ఆదివాసీ యువకులకు ఆయుధములిచ్చి నిలుపు పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. కాని తీర్పు వచ్చినంత మాత్రమున విడిచిన ఊరు తిరిగి రాదు. ధాన్యపు గాదెను, ఇప్పచెట్టును, ఏ గడ్డ ఎచ్చట దొరకునో తెలిసిన అడవిని వెనుక విడిచి, కొత్తచోట పోడు కొట్టుకొన్నందుకు అటవీశాఖ వారితో తగవు పడుచు బ్రతుకు కుటుంబములు ఇవి. ఆకలి, భయము, స్థానభ్రంశము మూడును ఒక్కచోట కలిసినవి. గోదావరి దిగువన పోలవరము జలాశయము క్రింద ఊళ్లు విడువవలసిన కోయలకును, కొండరెడ్లకును భయము లేకపోవచ్చును గాని, తక్కిన రెండును తప్పలేదు.

వీరికి బియ్యమిచ్చుట ప్రథమ ధర్మము. దానికి సాటి వచ్చునది లేదు. బిడ్డను త్రాసులో తూచుట, తల్లి రక్తమును పరీక్షించుట అవసరమే. ఐతే పై చరిత్ర మనకు నేర్పునది మరియొకటి ఉన్నది. బియ్యము చేరిన తరువాత కూడ బిడ్డ ముద్ద మ్రింగకున్నచో, తల్లి తన కంచము ముట్టకున్నచో, పెద్దవాడు రొట్టెముక్కను గుడ్డలో చుట్టి దాచుచున్నచో, దానిని మొండితనమని, అనాగరికతయని కొట్టివేయరాదు. ఏమి తింటివి అని అడిగినవారు ఏమి చూచి వచ్చితివి అని కూడ, వారి భాషలో, మెల్లగా అడుగవలెను. చిరకాలము పస్తున్నవానికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టుటయు ప్రమాదమే; 1945లో శిబిరములనుండి విడుదలైనవారిలో కొందరు అట్లు తిని మరణించిరి. శరీరమునకు అన్నమును మెల్లగా అలవాటు చేయవలెను. మనస్సునకు ధైర్యమును కూడ అంతే.

పట్టణవాసులమైన మన యిండ్లకును ఇదే వర్తించును. 2018లో అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మానసిక చికిత్సను పౌరుని హక్కుగా గుర్తించినది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీమానస్ సేవ ద్వారా 14416 సంఖ్యకు ఫోను చేసి, రుసుము లేకుండ, తెలుగులోనే సలహా పొందవచ్చును. చదువుకొను కుమార్తె నానాటికి చిక్కిపోవుచు, ఆకలి లేదనుచున్నచో, నిందించుటకు ముందు, దిష్టి తీయుటకు ముందు వైద్యునికి చూపవలెను. ఏ కొడుకైనను రాత్రివేళ దాగి దాగి తిని, పగలు సిగ్గుతో తల వంచుకొన్నచో, ఆ సిగ్గును పెంచు మాట ఒక్కటియు అనరాదు.

టెంకల అంబలి కాచు విద్య కొండరెడ్డి తల్లి నుండి కూతురికి వచ్చును. ఆకలి వలన కలిగిన భయము కూడ ఒక్కొక్కప్పుడు ఆ దారినే వచ్చును. మొదటిదానిని కాపాడుకొనవలెను, రెండవదానిని ఆపవలెను. ఆపుటకు గింజలును కావలెను, వినువారును కావలెను. గింజలు ఇచ్చు పని ప్రభుత్వము వారిది. వినుట మాత్రము మనలో ఎవరైనను చేయదగిన పని.